గొడుగింకా రాలేదండీ

సోమవారం పొద్దున కనెహిరా తన గొడుగు పోయిందని అడగడానికి వచ్చేటప్పటికి, ఆ గొడుగు ఆయన ఎడంచేతికే వేలాడుతోంది.

"నా గొడుగేమన్నా వచ్చిందా బాబూ? వెదురు పిడి, నీలం గుడ్డ, పిడికి ఎర్రదారం" అన్నాడు పెద్దాయన, కుడిచెయ్యి కౌంటరు మీద ఆనించి, మెడ ముందుకి చాచి.

తకిగావా ఆయన ఎడంచేతికేసి చూశాడు. వెదురు పిడి. నీలం గుడ్డ. పిడికి ఎర్రదారం.

"అయ్యా, క్షమించాలి. మీ గొడుగు మీ ఎడమ చేతికే ఉంది" అన్నాడు, రూలు పుస్తకంలో చెప్పినంత మేర నడుం వంచి.

పెద్దాయన మొహం, పిల్లాడి చేతిలో బుడగ పేలినప్పుడు పిల్లాడి మొహం ఎలా ఉంటుందో అలా అయింది. గొడుగుని చూసుకున్నాడు. తకిగావాని చూశాడు. కౌంటరు వెనకాల ఖాళీ కుర్చీని ఇంకా ఎక్కువసేపు చూశాడు.

"తొందరపడ్డావ్ బాబూ" అని నిట్టూర్చి, గొడుగు ఊపుకుంటూ మెట్లెక్కి వెళ్లిపోయాడు.

వరసలో తర్వాత నిలబడ్డ ఆడమనిషి కూడా "అయ్యయ్యో" అంది. తకిగావాకి ఏం తప్పు చేశాడో అర్థం కాలేదు. ఈ ఊరొచ్చాక అది రోజూ ఉండేదే గనక, జేబులోంచి కడుపు మంట మాత్ర ఒకటి తీసి నోట్లో వేసుకుని, "తర్వాతవారు రండి" అన్నాడు.

ఒసాకాలో, రైలు కంపెనీవాళ్ల పోయిన వస్తువుల కౌంటరు అది. తకిగావా పుట్టింది ఉత్తరాన, మంచు ఇంటి తలుపుల దాకా పేరుకునే ఊళ్లో. అక్కడ మనుషులు చలికాలమంతా కలిపి ఏ పాతిక మాటలో మాట్లాడుకుంటారు. అందులో సగం మంచు గురించే. ఇక్కడ ఒక్క ఉల్లికాడల కట్ట కొనడానికి అంతకంటే ఎక్కువ మాటలు ఖర్చవుతాయి. బదిలీ మీద వచ్చిన మొదటి వారంలోనే కూరల కొట్టు ఆవిడ ఉల్లికాడని తుపాకీలా ఎక్కుపెట్టి "ఢాం!" అంది. తకిగావా అలాగే నిలబడ్డాడు. "ఢాం!" అని మళ్లీ పేల్చింది. "డబ్బిస్తానండీ, మీరింకా కట్ట ఇవ్వలేదు కదా" అన్నాడతను. వెనకాల పోతున్న సూటువాలా ఎవడో ఆ నిశ్శబ్దం భరించలేక, సంచీ పారేసి, గుండె పట్టుకుని, "అమ్మా... చచ్చాన్రోయ్" అంటూ తకిగావా బదులు ఫుట్‌పాత్ మీద కుప్పకూలాడు. లేచి, ప్యాంటు దులుపుకుని, తకిగావాకేసి చాలా కోపంగా చూసి వెళ్లిపోయాడు. ఈ ఊళ్లో ఎవరన్నా వేళాకోళం ఒకటి వదిలితే పక్కవాడు అందుకోవాలి. అందుకోకపోవడమంటే పసిబిడ్డని రోడ్డు మీద వదిలేసి పోవడంతో సమానం.

ఆ అందుకునే పని ఈ కౌంటరులో ఇన్నాళ్లూ షిబుతానీ చేసేది. ఆ ఖాళీ కుర్చీ ఆవిడదే.

*

ఆవిడిప్పుడు వెనక గదిలో ఉంది. వానాకాలం. గొడుగులు పొద్దున మొదటి రైల్లో గోనెసంచుల్లో వస్తాయి. ప్రపంచంలో ఉన్న గొడుగులన్నీ ఏదో ఒకరోజు ఈ గదికి వచ్చి వెళ్లాల్సిందేననిపిస్తుంది. ఒక్కోదాన్నీ విప్పి, నీళ్లు విదిలించి, తీగ మీద ఆరబెట్టి, పుల్లకి చీటీ కట్టి, రంగుల వారీగా మోపులు కట్టాలి. గొడుగులతోబాటు ఒంటి చెప్పులు, కట్టుడు పళ్లు, ఒకసారి మూత తీస్తే ఇంకా ఆవిర్లు కక్కుతున్న రైస్ కుక్కరు. గదంతా తడి కుక్క వాసన.

"ఏం తకిగావా బాబూ, ముందరెలా ఉంది? ఎవరన్నా కొట్టారా?" అంది షిబుతానీ, నోట్లో చీటీదారం పెట్టుకునే.

"లేదండీ. కేకలేశారు, అంతే."

"ఎంతమంది?"

"అందరూ."

ఆవిడ దారం ముడేసి పళ్లతో కొరికింది. యాభై దాటిన మనిషి, పొట్టిగా, గుండ్రంగా, జుట్టుకి ఊదారంగు. యూనిఫారం మీద పులి బొమ్మ బ్రోచి పిన్ను పెట్టుకుంటే తకిగావా రూల్లో లేదని చెప్పాడు. అప్పట్నుంచీ అదే బ్రోచి కాలరు లోపల పెట్టుకుంటోంది.

పోయినవారం కంపెనీకి ఒక ఫిర్యాదు వచ్చింది. కౌంటరులో ఉన్న ఆడమనిషి ఒక ముసలాయన్ని పదిమంది ముందూ ఎగతాళి చేసిందని, దారిన పోయే ప్రయాణికుడెవరో రాశాడు. ఫిర్యాదుల విభాగం పెద్ద ఒకుబో ఫోన్ చేశాడు. రేడియోలో వార్తలు చదివే గొంతు ఆయనది. "విచారణ పూర్తయ్యేవరకు ఆవిడ ప్రయాణికులతో మాట్లాడకూడదు. కౌంటరులో ఎటువంటి హాస్యమూ ఉండకూడదు. శుక్రవారం నేను స్వయంగా వచ్చి చూస్తాను. మీ అభిప్రాయం కూడా తీసుకుంటాను. ఆ తర్వాత ఆవిడ కాంట్రాక్టు సంగతి" అన్నాడు.

ఆ అభిప్రాయం ఏమిటో తకిగావాకి తెలీదు. షిబుతానీ కౌంటరులో ఉన్నన్నాళ్లూ తకిగావా పొద్దుటిపూట వెనక గదిలోనే ఉండేవాడు. మధ్యాహ్నం ముందరికొచ్చి, ఆవిడ ప్రయాణికుల్తో అనే మాటలు వింటుంటే అతనికి చెమటలు పట్టేవి. బోర్డుమీటింగు కాగితాలు రైల్లో మర్చిపోయి, మొహం కందగడ్డలా చేసుకుని వచ్చినవాణ్ని, "అయ్యో, మా ఆయనా ఇంతే నాయనా, ఓసారి నన్నే మర్చిపోయాడు. పాపం, మళ్లీ నేనే వెతుక్కుంటూ వెళ్లాను" అనేది. వాడు ఇప్పుడు కొడతాడు, ఇప్పుడు కొడతాడు అని తకిగావా ఊపిరి బిగబట్టేవాడు. వాడు నవ్వేవాడు. ఎందుకు నవ్వాడో తకిగావాకి అంతుపట్టేది కాదు. కాగితాలు మాత్రం దొరికేవి కావు. అయినా వాడు దణ్ణం పెట్టి మరీ వెళ్లేవాడు.

ఇప్పుడు తకిగావా కౌంటరులో కూర్చుని, అందరితోనూ రూలు ప్రకారం మర్యాదగా మాట్లాడుతున్నాడు. అందరూ వాళ్ల వస్తువు తకిగావాయే ఎత్తుకుపోయినట్టు చూస్తున్నారు. అతను ఎంత వంగితే వాళ్లు అంత అరుస్తున్నారు. మధ్యాహ్నం నూడుల్స్ గిన్నె ముందు పెట్టుకుంటే అవి కూడా తనవైపు కోపంగా చూస్తున్నట్టనిపించింది.

*

మంగళవారం కనెహిరా మళ్లీ వచ్చాడు. గొడుగు అదే చేతికి. అడిగింది అదే.

"నా గొడుగేమన్నా వచ్చిందా బాబూ?"

నిన్న చెప్పాను కదా అనుకున్నాడు తకిగావా. అప్పుడు తట్టింది. పాపం, పెద్దాయనకి నిన్నటిది గుర్తులేదు.  తకిగావా వాళ్ల తాతకి కూడా మొదట్లో ఇలాగే ఉండేది.

"అయ్యా" అన్నాడు బాగా గట్టిగా, ఒక్కో అక్షరం విడదీసి, రేవుకి అవతల ఉన్న పడవవాణ్ని పిలిచినట్టు. "మీ... ఇల్లు... ఎక్కడ?"

పెద్దాయన రెండడుగులు వెనక్కేశాడు. "చెవుడు నాకు కాదు బాబూ. నీకేమన్నా వచ్చిందా?"

"మీతో... ఇంట్లో... ఎవరుంటారు?"

కనెహిరా మొహంలో ఏదో ఆరిపోయింది. "ఎవరూ ఉండరు" అన్నాడు మెల్లిగా. చిరునామా కూడా చెప్పాడు. అడిగితే చెప్పాలేమోననుకున్నాడు కాబోలు. వెళ్లేటప్పుడు గొడుగు ఊపలేదు. దానిమీద ఆనుకుని మెట్లెక్కాడు.

ఆయన కనుమరుగయ్యేదాకా చూసి, తకిగావా వార్డు ఆఫీసులో పెద్దవాళ్ల బాగోగులు చూసే విభాగానికి ఫోన్ చేశాడు. ఫోన్ పెట్టేశాక, ఈ ఊరొచ్చిన తర్వాత మొదటిసారి ఒక మంచి పని చేశాననిపించింది. కడుపు మంట కూడా కాస్త తగ్గింది.

*

బుధవారం మధ్యాహ్నం దాకా ఆ తృప్తి నిలిచింది.

వెనక గదిలో నల్లగొడుగుల మోపు కడుతూ, "పాపం, కనెహిరా గారని ఒకాయన వస్తారు కదండీ. ఆయనకి మతి తప్పుతున్నట్టుంది. వార్డు ఆఫీసుకి చెప్పాను, నిన్న సాయంత్రం వాళ్లు ఇంటికెళ్లి చూశారట" అన్నాడు.

షిబుతానీ చేతిలో గొడుగు టప్‌మని తెరుచుకుంది.

"ఏం చేశావూ?"

"ఫోన్ చేశాను."

"చేతికి గొడుగు పెట్టుకుని గొడుగేదీ అని అడిగాడనా?"

"రెండ్రోజులు వరసగా అడిగారండీ."

"రెండేళ్లుగా అడుగుతున్నాడయ్యా మహానుభావా!" ఆవిడ గొడుగు మూసి తకిగావా భుజం మీద ఒక్కటి వేసింది. "రెండేళ్ల కిందట నిజంగానే పోగొట్టుకున్నాడు. వారం రోజులు తిరిగాడు. దొరికింది, ఇచ్చాను. మర్నాడు మళ్లీ వచ్చి, చేతికి తగిలించుకునే, నా గొడుగొచ్చిందా అన్నాడు. ఇంకా రాలేదండీ, ఏ ఆడగొడుగుతో లేచిపోయిందో ఏంటో అన్నాను. ఏ రంగండీ, పిడి ఎలా ఉంటుందండీ అని అన్నీ అడుగుతాను. చూడనట్టే ఉంటాను. ఇద్దరం దాని గురించి దిగులు పడతాం. పడీ పడీ, ఆఖర్న 'మరి ఆ చేతికున్నదేంటండీ!' అని ఒక్క అరుపు అరుస్తాను. ఆయన దాన్ని చూసుకుని, 'ఓరి దీని తస్సాదియ్యా, ఎప్పుడొచ్చిందే నువ్వు!' అని వెళ్లిపోతాడు. అంతే. అదీ మా ఎగతాళి."

తకిగావా చేతిలో దారం అలాగే ఉండిపోయింది. "ఎందుకండీ?"

"ఎందుకేంటి?"

"రోజూ ఎందుకు... అదే జోకు?"

ఆవిడ ఒక ఎర్ర గొడుగు తీసుకుని విదిలించింది. "వాళ్లావిడ ఉన్నప్పుడు, కళ్లజోడు నెత్తిన పెట్టుకుని కళ్లజోడేదే అని అరిచేవాడట. ఆవిడ వంటింట్లోంచి తిట్టేది. కావాలనే చేసేవాడు, ఆ తిట్టు కోసం. ఆవిడ పోయాక ఇంట్లో ఓ రోజు నెత్తిన జోడు పెట్టుకుని అడిగాడట. ఎవరంటారు? సాయంత్రం దాకా అలాగే కూర్చున్నాట్ట, నెత్తిన జోడుతో." చీటీ కట్టింది. "ఆ మాట కూడా నవ్వుతూనే చెప్పాడు నాకు."

ముందర కౌంటరు గంట మోగింది. తకిగావా కదల్లేదు.

"సోమవారం 'తొందరపడ్డావ్' అన్నారు ఆయన" అన్నాడు.

"మరి! రాగానే చెప్పేశావా?"

"ఎంతసేపు ఆగాలండీ?"

షిబుతానీ అతని మొహంలోకి చూసింది, నిజంగానే అడుగుతున్నాడా అని. నిజంగానే అడుగుతున్నాడు. జేబులోంచి పెన్ను కూడా తీశాడు.

"ఇక వీడికి అర్థం కాలేదేమో అని ఎదుటివాడికి భయం పుట్టేదాకా" అంది. "ఆ తర్వాత ఇంకొంచెం."

*

గురువారం కనెహిరా రాలేదు.

తకిగావా ఆ రోజంతా మెట్లకేసి చూస్తూ కూర్చున్నాడు. టిఫిన్ డబ్బా పోగొట్టుకున్నామెకి సైకిలు పంపు ఇవ్వబోయాడు. సాయంత్రం డ్యూటీ దిగి, ఆ చిరునామా వెతుక్కుంటూ వెళ్లాడు. సందు చివర చిన్న మంగలి షాపు. బోర్డు ఉంది గాని, లోపల కుర్చీ మీద గుడ్డ కప్పేసి ఉంది. కనెహిరా గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు.

"నువ్వా" అన్నాడు.

"క్షమాపణ చెప్పుకుందామని వచ్చానండీ" అంటూ తకిగావా సందు మధ్యలో నడుం వంచాడు. సైకిలు మీద పోతున్నవాడు అతన్ని తప్పించబోయి పూలకుండీకి తగిలాడు.

"ఎందుకులే బాబూ. ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. మంచి పిల్లలు. ఇవాళ ఏం వారమండీ అని అడిగారు. అదేంటమ్మా, మీరూ మర్చిపోయారా అన్నాను. ఒకమ్మాయి రాసుకుంది. వందలోంచి ఏడు తీసేయండి అన్నారు. ఎక్కడ పెట్టమంటారు అన్నాను. అదీ రాసుకుంది." ఒక కాయ ఒలిచి, గింజలు తొక్కల గిన్నెలో, తొక్క గింజల గిన్నెలో వేశాడు. చూసుకుని, మళ్లీ తీసి మార్చాడు. "వాళ్లు వెళ్లాక కూర్చుని లెక్కేశాను. తొంభై మూడు. ఎనభై ఆరు. ఆ తర్వాత ఆగిపోయాను. ఎప్పుడూ ఇంతేనా, ఇప్పుడిప్పుడే ఇలా అవుతోందా అన్నది తెలీదు. ఇదివరకెప్పుడూ లెక్కెయ్యలేదు కదా."

తకిగావా గిన్నెలకేసి చూశాడు. ఇది అందుకోవాల్సిన మాటా, కాదా? ఆగాలా? ఆగాడు. పెద్దాయన నవ్వలేదు. ఇంకొంచెం ఆగాడు. అయినా నవ్వలేదు.

"వెళ్లిరా బాబూ, చీకటి పడుతోంది" అన్నాడు కనెహిరా.

*

శుక్రవారం పదింటి రైల్లో వచ్చిన రెండో సంచీ విప్పితే, మూడో గొడుగుకి వెదురు పిడి. నీలం గుడ్డ. ఎర్రదారం.

షిబుతానీ, తకిగావా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ ఉదయం ఎక్కడికో బయల్దేరి, రైల్లో నిజంగానే వదిలేసి దిగిపోయాడన్నమాట. ఆవిడ దాన్ని ఆరబెట్టలేదు. తన చేతిరుమాలుతో తుడిచి, కౌంటరుకీ గదికీ మధ్య ఉన్న చిన్న కిటికీ దగ్గర పెట్టింది.

"వస్తే ఇచ్చెయ్. మాట్లాడించకు, పాపం" అంది.

ఒకుబో కూడా వచ్చేశాడు. నల్లసూటు, ఇస్త్రీ మడతల్తో కోసేలా ఉన్నాడు. కౌంటరు పక్కన స్తంభం దగ్గర నిలబడి చేతులు కట్టుకున్నాడు. "మీ పని మీరు చేసుకోండి. నేను గమనిస్తాను. చివరలో మీ అభిప్రాయం చెప్పండి" అన్నాడు రేడియో గొంతుతో. షిబుతానీ కిటికీ దగ్గర నుంచి లోపలికి తప్పుకుంది. గొడుగుల మోపులు కట్టే చప్పుడు ఆగిపోయింది.

వరస మొదలైంది. తకిగావా వంగాడు, లేచాడు, వంగాడు. చెవిపోగు పోయినామె ఏడ్చింది. బాకా పోయినవాడు అరిచాడు. ఒకుబో గమనించాడు.

అప్పుడు మెట్లు దిగుతూ కనెహిరా కనిపించాడు. చేతులు ఖాళీ. ఎడంచెయ్యి మాత్రం అలవాటు కొద్దీ మోచెయ్యి దగ్గర మడిచే ఉంది, ఏదో వేలాడుతున్నట్టు. వరసలో తన వంతు వచ్చేదాకా నేలకేసి చూస్తూ నిలబడ్డాడు.

"నా గొడుగు" అన్నాడు. గొంతులో ఆటేం లేదు. "ఈసారి నిజంగానే బాబూ. ఎక్కడ పెట్టానో... డాక్టరు దగ్గరికని బయల్దేరాను. దిగాక చూసుకుంటే లేదు. వాళ్లన్నదే నిజమేమో."

"ఒక్క నిమిషం అండీ" అని తకిగావా కిటికీ దగ్గరికెళ్లాడు.

గొడుగు తీసుకున్నాడు. వెనక్కి తిరిగి ఇచ్చెయ్యాలి, అంతే. సంతకం, దండం, తర్వాతవారు రండి. తిరగబోతూ పెద్దాయన మడిచిన ఖాళీ చెయ్యి చూశాడు. తను ఏం చేస్తున్నాడో తనకే తెలీకుండా, గొడుగుని తన ఎడంచేతికి తగిలించుకుని కౌంటరుకి వచ్చాడు.

"అయ్యా, క్షమించాలి" అన్నాడు, రూలు పుస్తకంలో చెప్పినంత మేర వంగి. వంగినప్పుడు గొడుగు కౌంటరుకి టక్కున తగిలింది. "గొడుగింకా రాలేదండీ."

కనెహిరా తలెత్తాడు.

"పిడి ఎలా ఉంటుందండీ?"

"...వెదురు."

"గుడ్డ రంగు?"

"నీలం" అన్నాడు పెద్దాయన. ఆయన కళ్లు గొడుగు మీదే ఉన్నాయి. 

"గుర్తుగా ఏమైనా కట్టి ఉంటుందాండీ?" తకిగావా మొహంలో ఒక్క కండ కదల్లేదు. కదిలేవి అతనికి పుట్టుకతోనే లేవు. వీపు మీద మాత్రం చెమట కాలవ కట్టింది. పెద్దాయనకి కోపమొచ్చిందా? ఏడుస్తాడా? వరసలో చప్పుడు లేదు. బాకావాడు కూడా నోరు మూసుకున్నాడు. అర్థం కాలేదేమోనని భయం పుట్టేదాకా అంది ఆవిడ. భయం పుట్టింది, అయితే అది తకిగావాకే పుట్టింది. ఆ తర్వాత ఇంకొంచెం. ఇంకొంచెం అంటే ఎంత? కౌంటరు మీద గడియారం ముల్లు నడవడం మానేసి, అది కూడా వంగి చూస్తున్నట్టుంది.

"ఎక్కడికి పోయిందో పాపం" అన్నాడు తకిగావా, ఇక ఏమీ తోచక. "మేం కూడా చాలా దిగులుగా ఉన్నాం."

"ఓరి నాయనోయ్!" అని స్తంభం దగ్గర్నుంచి ఒక కేక పేలింది. "నీ చేతికి ఏలాడతన్నదేంట్రా మరీ!"

అందరూ తిరిగారు. ఒకుబో చెయ్యి చాచి గొడుగుకేసి చూపిస్తూ నిలబడి ఉన్నాడు. ఆ కేకలో రేడియో లేదు. చేపల బజారు ఉంది. ఆయన కూడా తన నోటికేసి చూసుకోవాలన్నట్టు కిందికి చూశాడు. మొహం మెల్లిగా ఎర్రబడింది, మెడ దగ్గర్నుంచి మొదలై.

కనెహిరా ఒకుబోని పైనుంచి కిందిదాకా చూశాడు. కౌంటరు మీద అరచేత్తో ఒక్కటి కొట్టాడు.

"తొందరపడ్డారండీ!" అన్నాడు. "చెడగొట్టేశారు! కుర్రాడు ఎంత బాగా లాగుతున్నాడు! ఇంకొక్క రవ్వ... ఒక్క రవ్వ ఆగలేకపోయారా పెద్దమనిషీ? నోటి దాకా వచ్చిందాన్ని లాక్కున్నారు కదండీ!"

"క్షమించండి" అన్నాడు ఒకుబో. "ఆపుకోలేకపోయాను."

చెవిపోగు పోయినామె ముందు నవ్వింది, తర్వాత వరసంతా. ఆవిడ నవ్వుతూనే ముక్కు చీదుకుంది. కనెహిరా ఒకుబోని తిడుతూనే ఉన్నాడు, ఏ సందర్భంలో ఎంతసేపాగాలో చేత్తో గాల్లో కొలిచి చూపిస్తూ. ఒకుబో తలూపుతూ వింటున్నాడు. తకిగావా అదే మొహంతో నిలబడ్డాడు. నవ్వాలో, వంగాలో తెలియక, సగం వంగి ఆగిపోయాడు.

కాసేపటికి ఒకుబో టై సర్దుకున్నాడు. రేడియో గొంతు వెతుక్కున్నాడు. సగమే దొరికింది. "ఆ ఫిర్యాదుకి జవాబు నేనే రాస్తాను. ఏం రాయాలన్నది..." అని ఆగిపోయాడు. "చూద్దాం. షిబుతానీ గారు సోమవారం నుంచి కౌంటరులో—"

"ఇప్పట్నుంచేనండీ" అంది షిబుతానీ, చిన్న కిటికీలోంచి తల బయటపెట్టి. "ఈ కుర్రాణ్ని చూడండి. సోమవారం దాకా బతికేలా ఉన్నాడా?"

"మీ అభిప్రాయం?" అన్నాడు ఒకుబో తకిగావాతో.

"బతకనండీ" అన్నాడు తకిగావా. నిజమే చెప్పాడు. ఒకుబో మాత్రం పెద్దగా నవ్వి, అతని భుజం తట్టి వెళ్లిపోయాడు. ఎందుకు నవ్వాడో తకిగావాకి అంతుపట్టలేదు.

షిబుతానీ వచ్చి తన కుర్చీలో కూర్చుంది. పులి బ్రోచి కాలరు లోపల్నుంచి తీసి బయట పెట్టుకుంది. చెవిపోగు పోయినామెతో, "ఒకటే పోయిందా? అదృష్టవంతురాలివి తల్లీ, రెండోది పారెయ్యకు, దానికి తోడు రాదు" అంటోంది. తకిగావా జేబులో మాత్రల కోసం చెయ్యి పెట్టబోయి, చేతికి ఏదో అడ్డం తగిలితే చూసుకున్నాడు.

వెదురు పిడి. నీలం గుడ్డ. ఎర్రదారం.

మెట్లకేసి చూశాడు. పెద్దాయన ఎప్పుడో వెళ్లిపోయాడు. ఇచ్చావా అని అడిగినవాళ్లు లేరు, ఇవ్వలేదని గమనించినవాళ్లు లేరు. పరిగెత్తబోయి ఆగాడు.

"షిబుతానీ గారూ" అన్నాడు మెల్లిగా. "ఆయన దీన్ని మర్చిపోయి వెళ్లారా? లేక రేపు అడగడానికి వదిలేసి వెళ్లారా?"

ఆవిడ తిరిగి గొడుగుకేసి చూసింది. తకిగావాకేసి చూసింది. 

తకిగావా ఆగాడు.

ఇంకొంచెం ఆగాడు.